చుక్కి పడి గెలిచిన పోటీ

మంచుకొండల నడుమ ఒక సరస్సు ఉండేది. చలికాలంలో అది గడ్డకట్టగానే దానిమీద ఆడజంతువులకు జారుడు పోటీ పెట్టేవారు. గెలిచినదాని మంద ఎండ తగిలే దక్షిణపు వాలులో అందరికన్నా ముందు మేయవచ్చు. కొత్త గడ్డి మొదట మొలిచేది అక్కడే మరి. కిందటేడు కొండమేకలు గెలిచాయి. జింకల మంద పస్తులుంది. చుక్కి అనే పడుచు జింక ఆ ఆకలికి తన చిట్టి చెల్లెల్ని పోగొట్టుకుంది.

ఈసారి గెలిచి తీరాలని చుక్కి నక్కమామ దగ్గర చేరింది. నక్క ఏనాడూ గడ్డకట్టిన సరస్సుమీద కాలు పెట్టిన పాపాన పోలేదు గానీ, పోటీ నిబంధనలన్నీ కంఠతా వచ్చు.

“గాల్లో ఎన్ని చుట్లు తిరుగుతావే పిల్లా?”

“రెండు, మామా. పడకుండా దిగుతాను.”

“దానికి ఐదు మార్కులు. నాలుగు చుట్లకైతే పది.”

“నాలుగు నావల్ల కాదు. పడిపోతాను.”

“పడవే. చుట్లు పూర్తయితే చాలు. పడినందుకు కోసేది ఒక్క మార్కే. ఎంత మిగిలింది?”

“తొమ్మిది.”

“నిలబడితే ఐదు, పడితే తొమ్మిది. ఇంకా ఆలోచనేమిటి?”

చుక్కికి మనసొప్పలేదు. చెల్లెలు గుర్తొచ్చి సరేనంది.

పోటీ రోజు ముందుగా ధవళ అనే కొండమేక దిగింది. నిబంధన ప్రకారం మూడుసార్లు ఎగిరి, రెండేసి చుట్లు తిరిగి, మూడుసార్లూ చప్పుడు కాకుండా వాలింది. తీర్పు చెప్పే ఎలుగు పెద్దయ్య మురిసిపోయి, పదిహేను మార్కులకు తోడు అందానికి మరో మూడు వేశాడు.

తర్వాత చుక్కి. నాలుగు చుట్లు తిరిగి తుంటిమీద పడింది. లేచి మళ్లీ ఎగిరి మోకాలిమీద పడింది. ముందుకాలు మొద్దుబారిపోయింది.

“ఆపెయ్యవే తల్లీ, కాలు పోతుంది,” అంది ధవళ, ఒడ్డునుంచి.

“ఇప్పటికి పద్దెనిమిది. ఇద్దరూ సమానం,” అన్నాడు నక్క. “ఇంకొక్కటి.”

చుక్కి ఎగిరింది. ఎముక విరిగిన చప్పుడు ఒడ్డుదాకా వినిపించింది.

“ఇరవై ఏడు. జింకదే గెలుపు,” అన్నాడు పెద్దయ్య తల దించుకుని.

“పడ్డదాన్ని గెలిపించడమేమిటి పెద్దయ్యా?” అంది ధవళ. ఓడినందుకు కాదు, ఆ పిల్ల కాలు చూసి అడిగింది.

“కష్టమైనదానికి తెగించేవాళ్లకు ధైర్యంగా ఉంటుందని పెట్టిన నిబంధనమ్మా. పడటమే నేర్పేవాళ్లు పుడతారని మాకు తట్టలేదు.”

మంచు కరిగింది. జింకల మంద దక్షిణపు వాలుకు బయలుదేరింది. చుక్కి నాలుగడుగులు ఎక్కి కూలబడింది. కాలు అతకలేదు, ఇక అతకదని దానికి తెలుసు.

“మీరు వెళ్లండి. పిల్లలు ఆకలిమీదున్నారు,” అంది.

మంద వెనక్కి తిరిగి చూస్తూ, ఏడుస్తూ వెళ్లిపోయింది. చుక్కి ఒక్కతే మిగిలింది. అంత దుఃఖంలోనూ పిల్లలు కడుపునిండా మేస్తారన్న తృప్తి దాన్ని విడిచిపోలేదు.

అటుగా నక్క పోతున్నాడు. వెనకాల కొత్తగా చేరిన లేడిపిల్లలు నాలుగు.

“మామా, ఈ కాలికి ఎన్ని మార్కులు కోశారు?” అని అడిగింది చుక్కి.

నక్క విననట్టే నడిచాడు. లేడిపిల్లలు మాత్రం ఆగి, ఆ కాలివంక చాలాసేపు చూశాయి. ఒక్కటీ మళ్లీ అతని వెంట నడవలేదు.

కథ విన్నవారు ఒక్కటి గుర్తుంచుకోండి: పడటం లాభమని లెక్క చెప్పేవాడు ఎప్పుడూ ఒడ్డునే ఉంటాడు.