ఎద్దు వీపు మీద కొవ్వు కాపురం

ఒకప్పుడు ఎద్దు వీపు పీటచెక్కలా చదునుగా ఉండేది. మూపురం అన్న మాటే ఎవరికీ తెలియదు. మరి తిన్న తిండికి పట్టిన కొవ్వు ఎక్కడుండేదంటారా? దానికి ఇల్లూ వాకిలీ ఏమీ లేవు. ఒళ్లంతా తిరిగేది. ఈ రోజు పొట్టలో, రేపు తొడలో. ఒకసారి ఒక ఎద్దుకి చెవుల్లోకి చేరింది. ఆ చెవులు బరువెక్కి కళ్ల మీద పడ్డాయి. పాపం, అది దారి కనపడక ఎవరింటి వంటగదిలోకో వెళ్లి పప్పుకుండలో కాలు పెట్టింది.

వీపు చదునైతే కాడి నిలుస్తుందా? మెడ మీద పెట్టిన కాడి జర్రున జారి తోక దగ్గర తేలేది.

గుండ్లకమ్మ ఒడ్డున పేరంటాలని ఒకావిడ ఉండేది. ఆమెకి ఎకరం చేను, ఒక ఆవు, ఒక అత్త, ఊరికి సరిపడా నోరు ఉన్నాయి. ఆ ఏడు అద్దె ఎద్దుల మీంచి జారిపోయే కాడి వెంట పరిగెత్తడంతోనే చేలో పదును ఆరిపోయింది. నాలుగు సాళ్లే విత్తింది. కార్తీకానికల్లా జొన్నలు అయిపోయి, అత్తాకోడళ్లు చింతగింజలు వేయించుకు తిన్నారు. వచ్చే ఏడూ ఇంతే అయితే ఊరు వదిలిపోవాల్సిందే.

ఏటి అవతల బుస్సన్న అనే ఆంబోతుకి మూపు మీద బొడిపె ఉందనీ, దాని మీద కాడి వేలాడదీసినా జారదనీ పేరంటాలు చెవిన పడింది. వెంటనే ఆవుని అక్కడికి తోలుకుపోయింది.

"మా తాతకీ ఉంది, మా ముత్తాతకీ ఉంది. మా నెత్తురే అంత!" అని బుస్సన్న బుస కొట్టాడు.

ఉగాదికి కోడెదూడ పుట్టింది. మూపు మీద నిమ్మకాయంత బొడిపె! ఆ రోజుల్లో కాలానికి తొందరెక్కువ. ఉగాదికి పుట్టిన దూడ ఏరువాకకి కాడి మోసేది.

"దూడకి ఉలవలు పెట్టవే," అంది అత్త.

"ఎందుకత్తా? తండ్రి పోలిక కొడుక్కి తప్పుద్దా? నెత్తుట్లోనే ఉంటే మళ్లా ఉలవలేంది, దండగ!"

అలా అని పేరంటాలు ఆ ఉలవలతో చారు కాచుకుంది. ఒక గిన్నె తాగింది. బాగుందని ఇంకో గిన్నె తాగింది. దూడకి మాత్రం ఎండు చొప్ప వేసింది. రోజూ అదే వరస.

ఏరువాక వచ్చింది. వాన కురిసింది. కాడికి ఒక పక్క కోడెని కట్టింది. రెండో ఎద్దు లేదు కాబట్టి రెండో పక్క అత్త పట్టుకుంది. "హై!" అంది పేరంటాలు. కోడె బొడిపె తడిసిన గుడ్డసంచిలా ఒక పక్కకి వాలింది. కాడి జర్రున జారింది. దాంతోపాటు అత్తా జారింది.

"నా నడుం పొయ్యిందే!" అని అత్త బురదలోంచి కేక పెట్టింది.

పదును ఇంకొక్క రోజు ఉంటుందేమో. పేరంటాలుకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కోడె చెవిలో నోరు పెట్టి అరిచింది.

"ఓ నెత్తురూ! పెద్ద వంశమని కోతలు కోశావే, ఏదీ నీ గొప్ప?"

నెత్తురు లోపలినుంచి అంతకన్నా గట్టిగా అరిచింది. "చోటు చూపించడం నా పని. చూపించా. నింపడం కూడా నా పనేనా?"

ఇంట్లో అటక మీది కుండలోంచి ఉలవలు చేను దాకా వినపడేలా నవ్వాయి. "మమ్మల్ని తాగింది నువ్వు. బొడిపె నీకే వస్తది, తడుముకో!"

పేరంటాలు గబుక్కున మెడ వెనక తడుముకుంది. మెత్తగా ఏదో తగిలింది!

అప్పుడు కొవ్వు నెమ్మదిగా నోరు విప్పింది. "అమ్మా, తిరిగి తిరిగి నాకూ విసుగొచ్చింది. నెత్తురు చోటిచ్చి, మేత కూడు పెడితే ఆడనే కాపురముంటా."

విత్తనాల మూట పోతే ఇంట్లో ఉన్నది ఆ ఒక్క కుండ ఉలవలే. అవి పెట్టేస్తే వాళ్లకి గంజి కూడా లేదు. పేరంటాలు కోడెని ఇంటికి తోలుకొచ్చి కుండ వంక చూసింది, కోడె డొక్కల వంక చూసింది. దాని కడుపు మాడ్చింది తనేనని సిగ్గేసింది. ఉలవలన్నీ ఉడకబెట్టి, చిటికెడు ఉప్పేసి, గుప్పెడు గుప్పెడు తినిపించింది.

"తిను నాయనా. నాదే తప్పు."

తెల్లారేసరికి కోడె బొడిపె బోర్లించిన చెంబులా లేచి నిలబడింది. అత్త దానికి మూపురమని పేరు పెట్టింది. కాడి దాన్ని ఆనుకుని కదలకుండా కూర్చుంది. పొద్దుగూకేలోగా ఎకరమంతా విత్తేశారు. కడుపులో ఆకలి కాలుతున్నా పేరంటాలు పడీపడీ నవ్వింది.

ఇంతలో "గొప్ప నాదే" అంటే "నాదే" అని నెత్తురూ మేతా కొట్టుకోసాగాయి.

"ఆపండి!" అంది పేరంటాలు. "చోటు నెత్తురుది. ఎంత పెరగాలో మేతది. సరేనా?"

"నాకూ ఒక షరతుంది," అంది కొవ్వు. "నన్ను మాడిస్తే ఊరుకోను. అందరికీ కనపడేట్టు పక్కకి వాలిపోతా."

పేరంటాలు ఒప్పుకుంది.

అప్పటినుంచే ప్రతి దూడా మూపురం చోటుని తాతతండ్రుల దగ్గర తెచ్చుకుని పుడుతుంది. కడుపునిండా తింటే అది నిటారుగా నిలుస్తుంది. మాడితే పక్కకి వాలుతుంది. అందుకే సంతలో రైతులు ముందు ఎద్దు మూపురం మీద చెయ్యేస్తారు, తర్వాత దాన్ని తోలుకొచ్చిన మనిషి మొహం చూస్తారు. మూపురం వాలి ఉంటే, తల దించుకునేది ఎద్దు కాదు.