దేవదూతల వాటా

యానాంలో సంగీతం చెప్పే తటవర్తి పేర్రాజు మేష్టారికి, అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే అలవాటు లేదు. పన్నెండేళ్ళుగా ఆయన దగ్గర పాట నేర్చుకుంటున్న సుభాషిణికి ఆ సంగతి తెలుసు. తెలిసీ ఒకరోజు అడిగింది.

“నిరుడు కల్యాణి ఆలాపన గంటసేపు చేసేదాన్నండి. ఇప్పుడు ఇరవై నిమిషాలకే అయిపోతోంది. నేర్చుకున్నదంతా ఎటు పోతోందో తెలీడం లేదండి. ఇక మానేద్దామనుకుంటున్నాను మేష్టారూ.”

మేష్టారు ఓదార్చలేదు. వయసులో ఉండగా ఆయన ఫ్రాన్సులో, ద్రాక్ష బ్రాందీ కాచే మర్సెల్ దొర దగ్గర పనిచేశారు. ఆ ముచ్చట ఎత్తుకున్నారు. పాట గురించి అడిగితే బ్రాందీ గురించి చెప్పే గురువు మా ఊళ్ళో ఆయనొక్కరే.

అక్కడ పుల్లటి, పల్చటి ద్రాక్షసారాను రాగి బానల్లో రెండుసార్లు కాస్తారు. మొదట దిగేదీ చివర దిగేదీ పక్కకు తీసేసి, నడిమిది మాత్రం ఓక్ చెక్క పీపాల్లో పోసి ఏళ్ళ తరబడి ఉంచుతారు. పోసినవాడే తాగుతాడన్న నమ్మకం లేదు. ఈలోగా చెక్కలోంచి ఏటా కొంత ఆవిరైపోతుంది. అది దేవదూతల వాటా అని అక్కడివాళ్ళు నవ్వి ఊరుకుంటారు. మర్సెల్ దొరకు మాత్రం ప్రాణం ఒప్పలేదు. కూతురు పుట్టిన ఏడు నింపిన రెండు పీపాల్లో ఒకదానికి, చుక్క కూడా పోకుండా బయటంతా తారు పూసేశాడు.

పాతికేళ్ళకు ఆ పిల్ల పెళ్ళినాడు రెండూ తెరిచారు. తారు పూసినది అంచుదాకా ఉంది. దొర పొంగిపోయి మొదటి గ్లాసు వియ్యంకుడికి అందించాడు. ఆయన ఒక్క గుక్క మింగి, దగ్గు ఆపుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. రంగు వచ్చింది గాని, ఘాటు నిన్న కాచినట్టే ఉంది. రెండోది మూడో వంతు తగ్గిపోయింది. దాని బిరడా తియ్యగానే ఆ పరిమళానికి గదిలో మాటలాగిపోయాయి.

“పోయేదాన్ని పోనివ్వలేకపోయాను పేర్రాజూ,” అన్నాడట దొర, నిండు పీపా మీద చెయ్యి వేసి.

సుభాషిణి ఏదో అనబోయింది. మేష్టారు తంబురాను ఆమె ముందుకు జరిపారు.

“నిరుడు నువ్వు గంటసేపు పాడుతుంటే నాలుగుసార్లు గోడ గడియారం చూశానమ్మా,” అన్నారు. “మొన్న చూడటం మరిచిపోయాను.”