పచ్చచుక్క, దీపపు మసి

హుసేనప్ప ఉస్తాదును ఎవరైనా ఏదైనా అడిగితే, ముందు వాళ్ల చేతిలోని పిస్తోలు తీసుకుని ఖాళీగా ఉందో లేదో చూసేవాడు. ఆ తర్వాతే "ఊఁ, ఇప్పుడడుగు" అనేవాడు. గుండు నింపిన తుపాకీ పక్కన ఉంటే మనిషికి మాట సరిగా రాదని ఆయన నమ్మకం. ఆదోని దారిలో రాళ్లకొండ కింద ఆ రోజుల్లో పోలీసుల ఫైరింగు రేంజి ఒకటి ఉండేది. పోలీసులకు గురి నేర్పే ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా ఆయన అక్కడికి రావడం మానలేదు. పైవాళ్లు వద్దనలేదు, వద్దన్నా వినే మనిషి కాదు.

ఒక మధ్యాహ్నం ఉరుకుందు అనే కానిస్టేబులు రెండు పిస్తోళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టాడు. ఆదివారం రాష్ట్ర షూటింగు జట్టుకు ఎంపిక. కిందటేడు వెంట్రుకవాసిలో చోటు తప్పిపోయింది. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ఏ సైటుతో కాలుస్తాడో ఆ సాయంత్రానికి చెప్పాలి, చెప్పాక మార్చడానికి లేదు. సైటంటే పిస్తోలు ముందుకొసన ఉండే మొన; వెనక గాడిలోంచి దాన్ని చూస్తూ గురి కుదుర్చుకోవాలి. ఒక పిస్తోలుకు పాతకాలపు నల్ల సైటు ఉంది. రెండోదానికి కొత్తగా వచ్చిన ఫైబర్ సైటు. సన్నని గాజుపోగులాంటిది పగటి వెలుతురును తాగి, కొసన పచ్చగా మెరుస్తూ ఉంటుంది.

ఉస్తాదు రెండూ ఖాళీ అని చూసుకుని, "ఊఁ" అన్నాడు.

"ఈ రెండిట్లో ఏది మేలు ఉస్తాదూ? వేరే జిల్లాలోళ్లంతా ఈ పచ్చదే పెట్టించుకుంటాండారు."

రేంజి చూసుకునే దస్తగిరి పక్కనుంచి నవ్వాడు. "అది అడగాల్నా రా? ఈ మిణుగురు పురుగును చూస్తేనే ఆయప్పకు ఒళ్లు మంట. నల్లదే అంటాడు, పో, పొయ్యి చెప్పేసిరాపో."

ఉస్తాదు నల్ల సైటు మీద బొటనవేలు పెట్టి ఊరికే నిమిరాడు. ఎండలో ఇనుము మెరిస్తే గురి తప్పుతుంది. అందుకని ఆ కాలంలో సైటును ఆముదం దీపం మీద పట్టి మసి పట్టించేవారు. ఇంట్లో భార్య ఖాసింబీ పిల్లల కాటుకకని దీపం వెలిగించి, పైన ఇత్తడి పళ్లెం బోర్లించబోయే వేళకు ఈయన పిస్తోలు పట్టుకుని తయారు. "పిల్లల కండ్లకు పెట్టేది ఆ పాడు తుపాకీకి పూస్తావా?" అని ఆమె కసిరేది. "దానికీ కన్నే గదా" అని ఈయన నవ్వేవాడు. మసి పట్టిన సైటు కత్తితో కోసినట్టు తేటగా నిలబడేది. ఆమె పోయాక ఆ దీపం గుడ్డసంచిలో ఆయన వెంట రేంజికి రావడం మొదలుపెట్టింది. ఒక్క సంగతి మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. కొన్నేళ్లుగా ఆ సైటు ఆయన కంటి ముందు మంచులో కలిసిపోతూ ఉంది. అద్దాలు పెడితే సైటు కనపడి, దూరాన గురి అట్ట మాయమయ్యేది. అందుకే శిష్యుల వెనక నిలబడి చెప్పడమే గాని, తాను కాల్చడం మానుకున్నాడు.

"ఆ పచ్చది ఇట్లియ్యి" అన్నాడు.

దస్తగిరి నవ్వు ఆగిపోయింది. ఉస్తాదు గుండ్లు నింపి, కాళ్లు కుదుర్చుకుని, చెయ్యి చాచాడు. మసకలోంచి పచ్చచుక్క లేచి నిలబడింది. ఏళ్ల కిందట తప్పిపోయిన చుట్టం సంతలో ఎదురుపడ్డట్టయింది ఆయనకు. తొందరపడకుండా నింపినవన్నీ కాల్చాడు. దస్తగిరి పోయి అట్ట తెచ్చాడు. చిల్లులన్నీ అరచేత్తో మూసేంత దగ్గరగా ఉన్నాయి. ఉస్తాదు వాటికేసి చూసి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చెమట పట్టేంత ఎండ లేదు.

ఉరుకుందు మొహం వెలిగిపోయింది. "అయితే ఇదే, ఉస్తాదూ! ఇదే రాపిస్తా."

"నువ్వు కాల్చు ముందు."

ఉరుకుందు కాల్చాడు. చిల్లులు చల్లిన జొన్నల్లా అట్టంతా పడ్డాయి, సగం పైకి పోయాయి.

"ఏం చూసినావు రా?"

"చుక్కనే చూసినా. నడిమధ్యన నిలబడింది, ఎంత బాగుండెనో!"

"సైటు నెత్తి వెనక గాడి నెత్తితో సమంగా ఉండెనా? రెండు పక్కలా సందు ఎట్లుండె?"

ఉరుకుందు ఆ రెండూ చూడనేలేదు.

ఉస్తాదు గోడ చాటున దీపం వెలిగించి, నల్ల పిస్తోలు సైటుకు మసి పట్టించి ఇచ్చాడు. ఉరుకుందు అయిష్టంగానే ఎత్తాడు. అందులో కంటికి ఇంపైనదేమీ లేదు. నల్లటి అంచు, అటూ ఇటూ సన్నని వెలుతురు సందులు, అంతే. వేరే చూసేందుకు ఏమీ లేక వాటినే చూశాడు. వాటినే చూస్తూ మెల్లగా మీట నొక్కాడు. ఈసారి దస్తగిరి తెచ్చి అతని చేతిలో పెట్టిన అట్టలో చిల్లులన్నీ నడిమధ్యన గుత్తిగా ఉన్నాయి.

"ఇదేంది ఉస్తాదూ? మీకు పచ్చది అచ్చొచ్చె, నాకు నల్లదాయె. ఏది మేలనుకోవాల?"

"నా చెయ్యి ఏదీ మర్చిపోలేదు రా. కన్నే మర్చిపోయింది. నీ కన్నుకేం, నిప్పులాగుంది. నీకు..." అని ఆగి, ఉస్తాదు దీపం ఆర్పి వత్తి సర్దుకున్నాడు.

ఉరుకుందు నల్లదే రాయించాడు. ఆదివారం దానితోనే కాల్చి జట్టులో చేరాడు. అయినా ఆ రేంజిలో పాతవాళ్లు కూడినప్పుడు చెప్పుకునేది ఆ గెలుపు కాదు, ఆ సాయంత్రం ఆఖరి మాట. కొండ నీడ గుండ్లు ఆగే మట్టికట్ట దాకా వచ్చింది. దస్తగిరి పిస్తోళ్ల పెట్టె తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. నల్లది లోపల పెట్టారు. పచ్చది ఇంకా ఉస్తాదు చేతిలోనే ఉంది.

"పెట్టేద్దామా ఉస్తాదూ?" అన్నాడు ఉరుకుందు.

ఆయన తల ఎత్తకుండా అన్నాడు:

"ఇంకొక్క గుండు ఉంటే ఇయ్యి రా. పొద్దుండగానే."