కోకోపిన్ని అడిగి తెచ్చుకున్న చేదు

ఒకప్పుడు కోకో గింజ తియ్యగా ఉండేది. ఎంత తియ్యగా అంటే, దాని ముందు పటికబెల్లం కూడా మొహం చాటేసేది.

కోకోది మన ఊరు కాదు. ఆమె పుట్టిల్లు ఎక్కడో సముద్రాల అవతల, వాన వెలవని అడవుల్లో. ఎలా వచ్చిందో ఏమో గానీ, వచ్చి గోదావరి పక్కన ఒక కొబ్బరితోటలో చేరింది. ఆమెకి ఎండ పడదు. "మా నీడలో ఉండమ్మా, నీకేం భయం?" అన్నాయి కొబ్బరిచెట్లు. తోటలో చిన్న జీవాలన్నీ ఆమెని కోకోపిన్నీ అని పిలిచేవి.

కోకోపిన్ని మంచిదే, కానీ మరీ మెతక. ఆమె మానుకి పసుపుపచ్చటి కాయలు చంకనెత్తుకున్న పిల్లల్లా వేలాడేవి. ఉడత వచ్చి కాయకి కన్నం పెట్టేది. లోపలి తెల్లటి గుజ్జూ, గుజ్జులోని గింజా కలిపి కరకరా నమిలేసేది.

"పిన్నీ, నీ కాయ అమృతమే!" అనేది మూతి తుడుచుకుంటూ.

పొగిడితే చాలు, కోకోపిన్ని కరిగిపోయేది. "తిను నాయనా, ఇంకోటి తిను" అనేది.

ఉడత వెళ్ళాక కిందకి చూసుకుంటే ఒట్టి డొప్పలే మిగిలేవి. అరటిచెట్టు చుట్టూ పిలకలే పిలకలు. కొబ్బరి పెద్దమ్మ పక్కన మోకాలెత్తు మొక్కలు. కోకోపిన్నికి మాత్రం ఒక్క మొలకైనా లేదు. వయసేమో మీద పడుతోంది. తను పోతే తన వంశమే ఉండదు. ఆ సంగతి తలుచుకుంటే ఆమె ఆకులు వాలిపోయేవి.

ఒకరోజు వానని పట్టుకుని అడిగింది. "అందరి పిల్లల్నీ పెంచుతావు. నాకొక్క పిల్లని పెంచిపెట్టవా?"

"పెంచడానికి నాకేం బద్ధకమా? నీ కింద తడుపుదామంటే గింజేదీ? నువ్వే పిలిచి పిలిచి తినిపిస్తుంటివి!" అని వాన కసురుకుంది.

మాట చురుక్కుమన్నా నిజమే కదా. ఆ రోజంతా ఆలోచించి, కోకోపిన్ని కాలవగట్టు మీదున్న వేపచెట్టుని పిలిచింది.

"వేపక్కా, నీ చేదు కొంచెం ఇస్తావా?"

వేపకి నవ్వాగలేదు. "ఏమిటే? చేదా? ఏడాదికొక్కరోజు నా పూత కోసం వస్తారు. మిగతా రోజులన్నీ నన్ను చూసి మొహం చిట్లిస్తారు. ఈ భోగం నీకెందుకు?"

"నా కోసం కాదక్కా, నా గింజల కోసం."

వేప నవ్వు ఆపింది. "బాగా ఆలోచించుకో. చేదు పెట్టావంటే నీ పిల్లల్ని ఇక ఎవరూ ముద్దు చెయ్యరు."

కోకోపిన్ని తన కాయల వైపు ఒకసారి చూసుకుంది. "ముద్దు చెయ్యకపోతే మానె. బతికితే చాలు" అంది.

వేప సరేనంది. గాలిని పిలిచి, "ఇదిగో, ఈ చేదు పట్టుకెళ్ళి ఆమె గింజల్లో పెట్టు. గుజ్జుకి మాత్రం అంటనియ్యకు, పిల్లజీవాలు తినేది" అంది. పైకి అంత చేదుగా ఉంటుందా, మనసు మాత్రం వెన్న.

మర్నాడు ఉడత వచ్చింది. గుజ్జు నోట్లో వేసుకుని గింజ కొరికింది.

"థూ! థూ! పిన్నీ, ఏం పెట్టావిందులో?" అంటూ ఉమ్మేసి, నోరు కడుక్కోవడానికి కాలవ దగ్గరికి ఒకటే పరుగు. కానీ గుజ్జు మీద ఆశ పోతుందా? మళ్ళీ వచ్చింది. ఈసారి గుజ్జు చప్పరించి గింజలు ఉమ్మేసింది.

వాన తన మాట నిలబెట్టుకుంది. ఉమ్మిన గింజల్లో కొన్ని మొలకెత్తాయి. లేత ఎర్రటి ఆకులతో తన పిల్లలు తలెత్తి చూస్తుంటే కోకోపిన్ని సంతోషం పట్టలేకపోయింది. అయినా, ఉడత 'థూ' అన్నప్పుడల్లా ఆ తల్లి మనసు కలుక్కుమనేది.

ఆ తోటలోనే ఒక పాకలో పేరంటాలు, ఆమె మొగుడు వీర్రాజు ఉండేవాళ్ళు. వీర్రాజు చెట్లెక్కి కొబ్బరికాయలు దింపేవాడు. ఒక సాయంత్రం చెట్టు మీదుండగానే జడివాన పట్టుకుంది. తడిసి ముద్దై, పళ్ళు టకటకలాడించుకుంటూ పాకలోకొచ్చి పడ్డాడు.

మొగుడికి వేడిగా ఏదైనా పెడదామని పేరంటాలు చూరుకింద వెతికింది. ఉడత ఉమ్మేస్తే గట్టు మీద ఎండిపోయిన గింజల్ని పొద్దున తనే ఏరి తెచ్చి పెట్టుకుంది, చిన్నరకం పనసపిక్కలనుకుని. వాటిని తీసి నిప్పుల్లో పడేసింది.

బయటినుంచి చూస్తున్న కోకోపిన్ని గుండె జారిపోయింది. "అయ్యో, నా పిల్లల్ని నిప్పుల్లో వేసేసింది!"

"ఉండవే, చూద్దాం" అంది కొబ్బరి పెద్దమ్మ.

వీర్రాజు ఒక గింజ వలిచి కొరికాడు. "అయ్యబాబోయ్! ఇయ్యి పనసపిక్కలు కాదే. పారెయ్యి!"

"పారెయ్యడం ఏటండీ? ముందా వాసన సూడండి!"

నిజమే, పాకంతా ఎన్నడూ ఎరగని కమ్మటి వాసన. పేరంటాలు గింజలన్నీ వలిచి రోట్లో వేసి నూరింది. పొడి అవుతుందనుకుంటే నల్లగా ముద్దయింది. దాన్ని మరిగే నీళ్ళలో కలిపి, తాటిబెల్లం వేసి, రెండు మిరియాలు దంచి పడేసింది. ఈ చెంబులోంచి ఆ చెంబులోకి, ఆ చెంబులోంచి ఈ చెంబులోకి నురగొచ్చేదాకా తిరగబోసింది.

వీర్రాజు ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టాడు. ఇంకో గుక్క తాగి ఊరుకున్నాడు. పళ్ళ చప్పుడు ఆగింది.

"సేదేనే. కానీ లోపలికెల్లాక పొయ్యి రాజేసినట్టుంది. ఇంకాస్త పొయ్యి" అన్నాడు.

పేరంటాలు ముసిముసిగా నవ్వింది. వాన వెలిశాక తోటలోకెళ్ళి పండిన కాయ ఒకటి కోసింది. గుజ్జు తను తిని, గింజల్ని కొబ్బరి నీడలో ఒక్కొక్కటే పాతింది. వెళుతూ వెళుతూ ఆగి, కోకో మానుని నిమిరింది.

"నీ పిల్లలు బంగారం తల్లీ. కూసింత బుజ్జగించాలి, అంతే."

కోకోపిన్ని నిలువెల్లా పులకించింది. తన పిల్లల్ని ముద్దు చేసిన మాట మొదటిసారి విందామె. గట్టు మీద వేప కూడా వింది. "ఏమే, నా చేదు వెనక్కి తీసుకోనా మరి?" అని అడిగింది.

"వద్దక్కా, ఉండనీ. అది చూసి పారిపోకుండా నిలబడ్డవాళ్ళే నా పిల్లల్ని నిజంగా ముద్దు చేస్తారు" అంది కోకోపిన్ని.

ఆ గింజని అలిగిన పిల్లని బుజ్జగించినట్టు ఒక్కో దేశంవాళ్ళు ఒక్కోలా బుజ్జగిస్తారు. ఆమె పుట్టింటివాళ్ళు కాస్త మిరపకారం తగిలిస్తారు. ఇంకోచోట దాల్చినచెక్క, మరోచోట చిక్కటి పాలు. ఎలా తాగినా ఒళ్ళు వెచ్చబడి మనసు కుదుటపడుతుంది. చక్కెర గుమ్మరించకుండా తాగితే ఒంటికీ మంచిదేనంటారు. వింటున్నారా, చక్కెరడబ్బా పక్కన కూర్చున్నవాళ్ళు?

అప్పటినుంచే కోకో గుజ్జు తీపి, గింజ చేదు. ఉడత ఇప్పటికీ గుజ్జు చప్పరించి గింజని 'థూ' అని ఉమ్మేస్తుంది. ఆ చప్పుడు వింటే కోకోపిన్ని ఇప్పుడు నొచ్చుకోదు. ఇంకో పిల్ల నేలమీద పడిందని మురిసిపోతుంది.