సింగారక్క పట్టిన చెయ్యి

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండర్రా. మా ముత్తవ్వకి పాలపళ్ళు రాని రోజులు. ఏటి ఒడ్డున మంగళవారం సంత. ఆ సంతలో గాజులమ్ముకునే సింగారక్క ఉండేది. ఇల్లూ లేదు, వాకిలీ లేదు. నెత్తిన గాజుల మలారం, నోట్లో వక్కాకు, అంతే.

గాజులవాళ్ళకి ఒక కట్టుబాటుంది. పట్టిన చేతిని బోసిగా వదలకూడదు. గాజు చిట్లితే ఇంకోటి ఎక్కించే వదలాలి.

ఓ సంతరోజు ఆమె ముందుకి ఓ పసిచెయ్యి వచ్చింది. ఆరేళ్ళ పిల్ల.

"ధర్మం తల్లీ."

"అయ్యో బిడ్డా!" అని సింగారక్క చారెడు బియ్యం పోసింది. పిల్ల పరుగున పోయి, పశువుల పాక దగ్గర బొంత కప్పుకుని కూర్చున్నవాడి సంచిలో పోసేసింది.

రెండో సంతకి అదే చెయ్యి. మణికట్టు దాకా కాలిన పుండు. సంతంతా అయ్యో అయ్యో అంది. సింగారక్క దోసెడు పోసింది. బొంతవాడి సంచి నిండింది.

మూడో సంతకి రెండో చెయ్యీ కాలింది.

అప్పుడు తెలిసిందమ్మా సింగారక్కకి. చారెడు పోస్తే వాడు ఒక చెయ్యి కాల్చాడు. దోసెడు పోస్తే రెండోది కాల్చాడు. ఇవాళా పోస్తే? పిల్లకి కళ్ళున్నాయి కదా ఇంకా!

గింజ వెయ్యలేదు. కాలని వేళ్ళ కొసలు పట్టుకుంది.

"నీ పేరేంటి తల్లీ?"

పిల్ల బొంతవాడి వంక చూసింది.

"మీ అమ్మెవరు తల్లీ?"

పిల్ల మళ్ళీ అటే చూసింది.

"నిన్నెవరు పంపారు తల్లీ?"

ఈలోగా వాడే వచ్చాడు, కర్ర పట్టుకుని.

"నా బిడ్డ. వదలవే!"

"నీ బిడ్డయితే పేరు చెప్పు."

"పేరుతో నీకేం పని?"

"పట్టిన చేతిని బోసిగా వదలను. పుండు మీద గాజెక్కదు. ఇది మానేదాకా వదలను."

ఒక దెబ్బ వేశాడు. వదల్లేదు. రెండో దెబ్బ. వదల్లేదు. సంత చూస్తూనే ఉంది. ఉప్పమ్మేవాడు తలొంచుకుని ఉప్పు తూచుకున్నాడు. థూ, ఏం మనుషులు! మూడో దెబ్బ తల మీద పడింది. మలారం చెదిరి గాజులు రాళ్ళ మీద పగిలాయి. ఆ చప్పుడుకి కదిలింది సంత. గాజులు పగిలితే వచ్చారు, మనిషిని కొడుతుంటే రాలేదు.

వాణ్ణి కట్టేసి తలారికి అప్పజెప్పారు. అప్పటికే సింగారక్క ప్రాణం పోయింది. వేళ్ళు మాత్రం వదల్లేదు. విడదీయబోతే పిల్ల కేకపెట్టింది.

"తియ్యొద్దు! నా పేరు నరసి!"

తల్లి కోసం మూడు తాలూకాలు వెతికారు. దొరకలేదు. దొరికిందని చెప్పాలని నాకూ ఉంది. అబద్ధం చెప్పలేనర్రా. సంతలో ఆడవాళ్ళే వంతులేసుకుని పెంచారు. పుళ్ళు మానిన రోజున, మలారంలో పగలకుండా మిగిలిన ఒక్క గాజూ నరసి చేతికి ఎక్కించారు.

ఇప్పటికీ ఆ సంతలో పసిచేతిలో ఎవరూ గింజ వెయ్యరు. చెయ్యి పట్టుకుంటారు. కూర్చోబెట్టి అన్నం పెడతారు. పేరేంటి, అమ్మెవరు, ఎవరు పంపారు అని అడుగుతారు. ఎవడైనా వచ్చి "నా బిడ్డ, వదలండి" అన్నాడా, ముందుగా ఉప్పమ్మేవాళ్ళు లేస్తారు. తర్వాత సంతంతా లేస్తుంది. అందరిదీ ఒకటే మాట.

"గాజెక్కలేదు. వదలం."