పులుల బడి

ఎర్రరాళ్ళ వాగు పక్క అడవిలో భీమన్న అనే ముసలి అడవిదున్న పిల్లలకు చదువు చెప్పేవాడు. ఏ పిల్ల దేని దగ్గర తిండి కూడా మర్చిపోతుందో కనిపెట్టడమే ఆయన పని. అందుకు ఒక్కోసారి ఏడాది పట్టేది.

కుందేలు శేషమ్మ కొడుకు గురవడు ఆ బడిలోనే ఉండేవాడు. నేలకి చెవి ఆనించి పొద్దస్తమానం పడుకునేవాడు.

"తాతా, వాగు అవతల ఎవరో వస్తున్నారు. ఒక కాలు కుంటి."

కాసేపటికి నిజంగానే కుంటి జింక ఒకటి వచ్చింది.

"పెద్దయ్యాక ఏం చేస్తావురా?" అన్నాడు భీమన్న.

"ఇలాగే వింటా తాతా. విని అందరికీ ముందే చెబుతా."

భీమన్న మురిసిపోయాడు. శేషమ్మకి మాత్రం ఒళ్ళు మండింది.

"ఏడాది నుంచి పంపుతున్నా. వాడికి పడుకోవడం నేర్పావా బాబాయ్?"

"వీడు ఈ అడవికి కావలి కాస్తాడమ్మాయ్."

"కావలా! అవతల ముళ్ళపంది కొడుకు పులి అవుతున్నాడు!"

గుట్ట కింద లోయలో చలమయ్య అనే నక్క అప్పుడే కొత్త బడి పెట్టాడు. మూడు నెలల్లో ఏ పిల్లనైనా పులిని చేస్తానన్నాడు. ఒకటే షరతు: అప్పటిదాకా కన్నవాళ్ళు చూడ్డానికి రాకూడదు. శేషమ్మ కొడుకుని అక్కడ చేర్చింది. గురవడు వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే వెళ్ళాడు.

"ఎందుకురా ఆ చెవులు అలా నిక్కబెడతావు?" అన్నాడు చలమయ్య మొదటి రోజే.

"ఎవరైనా వస్తారేమోనని పంతులుగారూ."

"పులి ఎవరి కోసమూ వినదు. పులి మాటే అందరూ వింటారు. వంచు!"

గురవడు చెవులు వంచుకున్నాడు. ముళ్ళపంది పిల్ల ముళ్ళు అణుచుకుంది. జింకపిల్ల పరిగెత్తడం మానేసింది. గడువు దగ్గరపడ్డాక రోజుకొకరిని చలమయ్య విడిగా పిలిచి ఆఖరి పాఠం చెప్పేవాడు.

గురవడి వంతు వచ్చింది.

"కళ్ళు మూసుకో. పెద్దయ్యాక ఎలా ఉంటావో చూడు. చారలు కనబడుతున్నాయా?"

"కనబడుతున్నాయి పంతులుగారూ."

"ఇంకా గట్టిగా మూసుకో."

గురవడు మూసుకున్నాడు. మళ్ళీ తెరవలేదు.

గడువు తీరగానే శేషమ్మ లోయకి వెళ్ళింది. చలమయ్య ఎదురొచ్చి దండం పెట్టాడు.

"అదృష్టవంతురాలివి! నీ కొడుకు పులై గుట్ట మీదికి వెళ్ళిపోయాడు. పులికి కుందేలు తల్లి గుర్తుండదులే. ఏమీ అనుకోకు."

శేషమ్మ అడవంతా చెప్పుకుంది. కానీ తిండి సయించలేదు. ఒక్కసారి దూరం నుంచి చూసి వద్దామని గుట్ట ఎక్కింది. బండ మీద పులి ఎండ కాగుతోంది. భయం మర్చిపోయి ఎదురెళ్ళింది.

"గురవా! నాయనా!"

కడుపు నిండిన పులి ఒక కన్ను తెరిచింది. "ఎవరిని పిలుస్తున్నావు?"

"నువ్వు నా కొడుకువి కాదా?"

"ఈ గుట్టకి నేనొక్కణ్ణే పులిని. ఇంకొకటి అడుగుపెడితే చీల్చేస్తాను."

పిల్లలందరూ ఏమయ్యారో శేషమ్మకి అప్పుడు అర్థమైంది. మెల్లగా అంది:

"అయితే దొరా, లోయలో చలమయ్య పులుల్ని తయారుచేస్తున్నాడు. ఇప్పటికి ఏడుగురిని చేశానని చెప్పుకుంటున్నాడు. రేపు పొద్దున్నే వచ్చి అడగండి."

తెల్లవారేసరికి భీమన్ననీ, పిల్లల్ని పోగొట్టుకున్న వాళ్ళనీ తీసుకొచ్చి లోయ చుట్టూ పొదల్లో కూర్చోబెట్టింది. పులి దిగి వచ్చింది.

"నా అడవిలో పులుల్ని చేస్తున్నావట! ఎక్కడ వాళ్ళు?"

చలమయ్య నేల మీద సాగిలపడ్డాడు. "లేరు దొరా! ఒక్క పులీ లేదు!"

"దాచావా?"

"దాచలేదు! ఒట్టు! అందర్నీ తినేశాను. వాళ్ళు కుందేళ్ళూ జింకలే దొరా, పులులు ఎలా అవుతారు?"

పులి నవ్వింది. "అదా సంగతి" అని తన దారిన వెళ్ళిపోయింది.

హమ్మయ్య అనుకుంటూ చలమయ్య వెనక్కి తిరిగాడు. పొదల్లోంచి ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. దారికి అడ్డంగా భీమన్న ఉన్నాడు.

శేషమ్మ ముందుకొచ్చింది. "ఆఖరున నా బిడ్డ ఏమన్నాడు?"

చలమయ్య నేల చూపులు చూశాడు. "మా అమ్మ చూస్తే సంతోషిస్తుంది అన్నాడు."

శేషమ్మ పక్కకి తప్పుకుంది. భీమన్న కొమ్ములు దించాడు.

నీతి: బిడ్డలో ఉన్నదాన్ని గుర్తుపట్టేవాడే గురువు, దాన్ని వదిలేస్తేనే గొప్పవాడివవుతావని చెప్పేవాడు వేటగాడు.