ఎర్రనీటి వరం

పూర్వం త్రేతాయుగం చివరి పాదంలోకి ఒరుగుతున్న కాలంలో, తామ్రవేణీ నదీతీరాన వెలసిన కుముదావతీ నగరాన్ని సత్యసంధుడూ ప్రజావత్సలుడూ అయిన ధృతసేన మహారాజు పాలిస్తూ ఉండేవాడు. నగరానికి ఎగువన శంఖసరస్సు అనే మహాతటాకం, దాని కట్ట కింద పల్లంలో తొంభై గడపల పల్లె ఉండేవి. కట్ట నిలిస్తే నగరానికి అన్నం. తెగితే పల్లెకు మృత్యువు.

ధృతసేనుడి తండ్రి ఏలుబడిలో, శిల్పినని చెప్పుకొన్న ఒక మోసగాడు ఆ కట్టను ఇసుకతో పోసి పారిపోగా, అది తెగి, పైరులు పోయి, వేలాదిమంది ఆకలితో మరణించారు. బాల్యంలోనే ఆ శవాలను చూసిన రాజు, సింహాసనం ఎక్కిన నాడే శాసనం చేశాడు: గురుకులంలో పన్నెండేళ్లు వాస్తుశాస్త్రం చదివి, గురువు చేతి రాగిముద్ర పొందినవాడు తప్ప మరెవ్వడూ కట్ట మీద పార మోపరాదని. మంచి మనసుతో చేసిన శాసనం కనుకనే దాన్ని ప్రశ్నించినవాడు లేడు.

ఆ పల్లెలో మట్టి తవ్వే ఖనకుల వంశంలో పుట్టిన ధారకుడనే యువకుడు ఉండేవాడు. అతడు వట్టికాళ్లతో కట్ట మీద నిలిచి, ఊపిరి బిగబట్టి, ఎడమ మడమను నేలకు అదిమితే, లోపల నీరు మట్టిని ఎక్కడ కొరుకుతున్నదో తెలిసిపోయేది. తాత తండ్రికీ, తండ్రి అతనికీ అందించిన విద్య అది. ఏ తాళపత్రంలోనూ లేదు. మూడు నెలల కిందటే అతనికి నీలాంగి అనే చక్కని పిల్లతో వివాహమైంది. ఆమె మెడలోని పసుపుతాడు ఇంకా రంగు విడవలేదు. పనికి వెళ్లే భర్తకు మోదుగాకులో పెసరగుగ్గిళ్లు కట్టి, అడుగున చిన్న బెల్లంముక్క దాచి, సాయంత్రం అతడు రాగానే "దొరికిందా?" అని అడిగేది. దొరకలేదని అతడు అబద్ధమాడేవాడు. ఆమె నవ్వేది. ఆ పూరిగుడిసెలో అంతకు మించిన సంపద లేదు, కొరతా లేదు.

ఆ శ్రావణంలో ఎడతెగని వానలు కురిసి సరస్సు అంచు దాకా నిండింది. కట్ట అడుగున ఒకచోట నీరు చెమ్మగిల్లి, సన్నని ధారగా ఊరసాగింది. రాజు కట్టపనికి మనుషులను పిలిపించగా, ధారకుడూ వెళ్లి వరుసలో నిలిచాడు. ప్రధాన స్థపతి, శాస్త్రపారంగతుడు అయిన భద్రశ్రవుడు అతణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఎవరి శిష్యుడివి?"

"మా అయ్య శిష్యుణ్ణి, స్వామీ."

"మీ అయ్య?"

"వాళ్ల అయ్య శిష్యుడు."

చుట్టూ ఉన్న ముద్రాధరులు నవ్వారు. ధారకుడు చేతులు జోడించి, ఊటను సున్నంతో, రాతితో మూయబోతున్నారని విన్నాననీ, మూస్తే నీరు మరోదారి తొలుచుకొంటుందనీ, ఊట మీద ఇసుక, దాని మీద గులకరాళ్లు, ఆపైన పెద్దరాళ్లు పరిస్తే నీరు పోతుంది గాని మట్టి నిలుస్తుందనీ విన్నవించుకొన్నాడు.

"నీరు కారుతుంటే కారనిమ్మంటాడు. వీడికి కట్ట అప్పగించాలట," అన్నాడు భద్రశ్రవుడు.

వరుసలో ధారకుడి వెనుక ఒక ముసలివాడు నిలిచి ఉన్నాడు. అతడు మారువేషంలో వచ్చిన జలాధీశ్వరుడు, పాశహస్తుడైన వరుణదేవుడు. నీకేం వచ్చునని భద్రశ్రవుడు అడిగితే, నీళ్ల సంగతి కొంచెం తెలుసునన్నాడు.

"ముద్ర ఏదీ?"

"నేను నేర్చుకొన్న నాటికి రాగి పుట్టలేదు, నాయనా."

నవ్వుల మధ్య ఇద్దరినీ ఒకే ద్వారం గుండా బయటికి పంపారు.

మర్నాడు ఉదయమే స్థపతులు ఊటను మూశారు. నీటిచెమ్మ కూడా లేకపోవడంతో హారతి పట్టారు. ధారకుడు కట్ట ఎక్కి మడమ అదిమి చూసి, నీరు మరోచోట మట్టిని కొరుకుతున్నదని గ్రహించి, పల్లె పక్కనున్న ఎత్తయిన గట్టు మీదికి వెళ్లిపొమ్మని భార్యను వేడుకొన్నాడు.

"నేనొక్కదాన్నే పోతే ముసలీముతకను ఎవరెక్కిస్తారు?" అన్నది నీలాంగి. "నువ్వు రాజుగారి దగ్గరికి పో. ఊళ్లోవాళ్ల సంగతి నేను చూసుకొంటా."

ధారకుడు పరుగున వెళ్లి రాజు పాదాల మీద పడ్డాడు. ధృతసేనుడు అంతా ఓపికగా విని, "నీ మాట నిజమే కావచ్చు. నిజమని నేనెలా తెలుసుకొనేది?" అన్నాడు.

"నాతో రండి, ప్రభూ. పాదుకలు విడిచి కట్ట మీద నిలబడండి."

రాజు లేచాడు. పాదుకలు విడుస్తుండగానే ఎగువ నుంచి చప్పుడు వినిపించింది. వానలు వెలిసిన ఆ మిట్టమధ్యాహ్నం, మబ్బులేని ఎండలో, అది ఉరుము కాదని అందరికీ తెలుసు.

నీలాంగి అరవై గడపలవారిని గట్టెక్కించింది. చూపులేని ఒక అవ్వ కోసం తిరిగి పల్లంలోకి దిగింది. తరువాత ఆమెను చూసినవారు లేరు.

రాజు అన్నం మాని, తెగిన కట్ట బురదలో నిలిచి నలభై దినాలు తపస్సు చేయగా, వరుణదేవుడు మకరవాహనుడై రాజుకూ, పక్కనే ఉన్న ధారకుడికీ ప్రత్యక్షమయ్యాడు.

"రాజా, నేను నీటిని. దారి తెరుచుకొంటే పోవలసిందే. ఎవరి గడప అని చూసే అధికారం నాకు లేదు. అందుకే ముందుగా చెబుదామని పని అడిగే నెపంతో నీ వాకిటికి వచ్చాను. ముద్ర అడిగి పంపేశారు. సరస్సును మళ్లీ నింపుతాను. కోరిక కోరే హక్కు మాత్రం నీది కాదు, ఈ ఖనకుడిది."

ధారకుడు నీలాంగిని కోరాడు. వరుణుడు తల వంచుకొని, యమధర్మరాజు ఇంట చేరినవారిని తాను తేలేనన్నాడు.

అప్పుడు ధారకుడు మరో కోరిక కోరాడు. "అయితే స్వామీ, నా మడమకు తెలిసింది అందరి కంటికీ తెలియాలి. కట్ట లోపల మట్టి కరగడం మొదలైతే, తెగేముందే ఊటనీరు ఎర్రబారాలి. చదువు రానివాడు చూసినా, పసిబిడ్డ చూసినా తెలియాలి. మా మాట నమ్మకపోయినా నీళ్లను నమ్ముతారు."

"తథాస్తు," అన్నాడు వరుణదేవుడు.

అంతకు ముందు ఏ ఊటనీరైనా తేటగానే ఉండేదట.

ధృతసేనుడు శాసనాన్ని చెరిపించి, వచ్చినవాణ్ణి గురువు పేరు అడగకుండా పిడికెడు మట్టి చేతికిచ్చి, ఇదేమిటో చెప్పమని అడిగే నియమం పెట్టాడు. ధారకుడు కట్టను తిరిగి కట్టించాడు. భద్రశ్రవుడు తన రాగిముద్రను నదిలో విడిచి, మట్టితట్ట మోస్తూ, ఒకనాడు మెల్లగా, "ఎంత గట్టిగా అదమాలి, నాయనా?" అని అడిగితే, ధారకుడు అతని పాదాన్ని తన చేతులతో పట్టి నేల మీద ఉంచి చూపించాడు.

ఈ కథ విన్నందుకు కలిగే ఫలం ఒక్కటే. కట్ట అడుగున ఊరే నీరు ఎర్రగా కనిపించినప్పుడు, ఆ మాట చెప్పినవాడు ఎవడని అడగకుండా, ఈ కథ విన్నవాడు పల్లంలోని వారిని పిలవడానికి పరుగెత్తుతాడు.